స్ట్రువైట్: క్షారం పెరిగిన చోటల్లా పేరుకునే రాయి

మూత్ర పరీక్ష రిపోర్టులో కింది వరసల్లో ఎక్కడో "ట్రిపుల్ ఫాస్ఫేట్ క్రిస్టల్స్" అని ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి చీము కణాలు ఎన్నున్నాయో, షుగరు ఉందో లేదో చూసుకుని కాగితం మడిచేస్తారు. ఆ వరసలో ఉన్నది నిజానికి ఒక ఖనిజం. పేరు స్ట్రువైట్. కిడ్నీలో రాయిగా, మురుగు గొట్టంలో గారగా, గుహలో గబ్బిలాల పెంట కింద స్ఫటికంగా, డబ్బా చేపలో గాజుపెంకు లాంటి ముక్కగా ఇదే కనిపిస్తుంది. పొలంలో వేస్తే ఎరువు కూడా ఇదే.

ఇందులో మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు ఒక్కొక్కటి చొప్పున సమానంగా ఉంటాయి. వాటిని పట్టి ఉంచేవి ఆరు నీటి అణువులు. తూకంలో లెక్కేస్తే నూరు గ్రాముల స్ట్రువైట్‌లో 44 గ్రాములు నీళ్లే. భాస్వరం 12.6 గ్రాములు, మెగ్నీషియం 9.9, నత్రజని 5.7. పేరుకు రాయే కానీ దాదాపు సగం నీరు. దాని మంచిచెడ్డలన్నీ ఈ నీళ్లలోనూ అమ్మోనియంలోనూ ఉన్నాయి.

గట్టిదనం మోస్ కొలతలో 1.5 నుంచి 2 వరకు. జిప్సం 2, మన గోరు సుమారు 2.5 కాబట్టి గోటితో గీస్తే గీత పడుతుంది. సాంద్రత 1.7, అంటే మామూలు రాళ్లతో పోలిస్తే చేతికి తేలిగ్గా అనిపిస్తుంది. మలినాలు లేకపోతే రంగు ఉండదు. పెంట, మురుగు దగ్గర దొరికినవి పసుపు, గోధుమ రంగుల్లో ఉంటాయి. మంచినీటిలో లీటరుకు 170, 180 మిల్లీగ్రాములకు మించి కరగదు. పులుపు తగిలితే మాత్రం సులువుగా కరిగిపోతుంది.

స్ఫటికం ఆకారం చూడముచ్చటగా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద మూత్రపు చుక్కలో కనిపించే దీన్ని డాక్టర్ల పుస్తకాలు శవపేటిక మూతతో పోలుస్తాయి. మన కంటికి అది నాలుగు వాలుల పెంకుటింటి కప్పును పైనుంచి చూసినట్టు ఉంటుంది: మధ్యలో వెన్నుగాడి, రెండు కొసల నుంచి మూలలకు దిగే ఈనెల్లాంటి గీతలు. పెద్ద స్ఫటికాల్లో పై కొస ఒకలా, కింది కొస ఇంకోలా ఉంటాయి. ఈ అసమానత వల్లే వేడి చేసినా, నొక్కినా రెండు కొసల మధ్య కొద్దిపాటి విద్యుదావేశం పుడుతుంది. ఒక్కసారిగా, తొందరగా అవక్షేపమైతే పెంకుటింటి కప్పు రాదు, ఫెర్న్ ఆకుల్లా చీలికలు చీలికలుగా వస్తుంది. ఆకారం చూసి అది నిదానంగా పెరిగిందో హడావిడిగా పుట్టిందో చెప్పొచ్చు.

ఇది పుట్టడానికి మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు మూడూ ఒకే నీటిలో కలిసి ఉంటే చాలదు. ఇప్పుడే పోసిన ఒంటేలులో ఆ మూడూ ఉంటాయి, పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) మాత్రం 6 దగ్గర ఉంటుంది. అక్కడ ఫాస్ఫేటు తనతో హైడ్రోజన్‌ను పట్టుకుని తిరుగుతుంది, స్ఫటికంలో కూర్చోదు. పీహెచ్ పెరిగేకొద్దీ ఆ హైడ్రోజన్‌ను వదులుతుంది. 8.5 నుంచి 10 మధ్య స్ట్రువైట్ బాగా దిగుతుంది. ఇంకా పైకి పోతే అమ్మోనియం అమ్మోనియా వాయువుగా మారిపోతుంది కాబట్టి మూడింటిలో ఒకటి తగ్గిపోతుంది. ఎక్కడ స్ట్రువైట్ కనిపించినా ముందు అడగాల్సింది ఒకటే: ఇక్కడ పీహెచ్‌ను పెంచింది ఏది? సాధారణంగా జవాబు రెండిట్లో ఒకటి. యూరియాను విరగ్గొట్టే బాక్టీరియా ఒకటి, నీటిలోంచి కార్బన్ డయాక్సైడ్ తప్పించుకుపోవడం రెండోది.

పేరు వెనక కథ జర్మనీలోని హాంబర్గ్‌ది. 1842లో ఊరు తగలబడినప్పుడు సెయింట్ నికోలాయ్ చర్చి కూడా కాలిపోయింది. కొత్త చర్చికి పునాదులు తవ్వుతుంటే పాతకాలపు పశువుల పెంట కలిసిన నేలలో ఈ స్ఫటికాలు బయటపడ్డాయి. గేయోర్గ్ లుడ్విగ్ ఉలెక్స్ అనే రసాయనవేత్త 1845లో వీటిని పరీక్షించి, అక్కడ ఉన్న రష్యా దౌత్యవేత్త, ఖనిజాల సేకర్త హైన్రిష్ ఫాన్ స్ట్రూవ పేరు పెట్టాడు. అదే పునాదుల మీద లేచిన చర్చి శిఖరం 147 మీటర్లతో 1874 నుంచి 1876 వరకు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడంగా ఉంది. పేడ నుంచి పుట్టింది ఖనిజం ఎలా అవుతుందని అప్పట్లో గట్టి వాదనే నడిచింది. పేడకుప్ప దాని ముడిసరుకు మాత్రమే. ఆ సరుకులోంచి నీరూ నేలా కలిసి ఎవరి చెయ్యీ పడకుండా చేసిన స్ఫటికం ఖనిజం కాకపోతే ఇంకేమవుతుంది?

ప్రకృతిలో దీనికి మరో ఇల్లు గుహలు. ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలో బల్లారాట్‌కు దగ్గర్లోని స్కిప్టన్ లావా గుహల్లో గబ్బిలాల పెంటలో ఇది దొరికింది. అక్కడే న్యూబెరైట్, హన్నయైట్, డిట్‌మరైట్ లాంటి దీని బంధువులు కూడా ఉన్నాయి. ఆ చుట్టరికం పట్టించుకోవాల్సిందే. స్ట్రువైట్‌ను పొడి గాలిలో చాలాకాలం వదిలేస్తే అమ్మోనియా, నీరు పోయి పైన సుద్దలాంటి తెల్లటి పొర కడుతుంది, అది న్యూబెరైట్. మరిగే నీటిలో ఉంచితే ఆరు నీటి అణువుల్లో ఐదు వదిలేసి డిట్‌మరైట్ అవుతుంది. అందుకే నమూనాలు దాచుకునేవాళ్లు గట్టి మూత ఉన్న చిన్న డబ్బాలో, దీపాల వేడి తగలని చోట పెట్టాలి. అద్దాల బీరువాలో బల్బు కింద పెట్టిన స్ఫటికం మెల్లగా మెరుపు పోగొట్టుకుని, ముట్టుకుంటే రాలిపోయే స్థితికి వస్తుంది.

డబ్బా చేపల సంగతి కొద్దిగా. ట్యూనా, సాల్మన్, పీత, రొయ్య డబ్బాల్లో అప్పుడప్పుడు గాజుపెంకు లాంటి ముక్క పంటికి తగులుతుంది. సముద్రపు ఉప్పులోంచి మెగ్నీషియం, కండలోంచి ఫాస్ఫేటు, వండే వేడికి మాంసకృత్తులు విరిగి అమ్మోనియా, మూడూ డబ్బాలోనే సమకూరుతాయి. డబ్బాలు నెమ్మదిగా చల్లారితే స్ఫటికం పెద్దది కావడానికి సమయం చిక్కుతుంది. అందుకే ఫ్యాక్టరీల్లో గబగబా చల్లారుస్తారు. ఇంట్లో అనుమానం తీర్చుకోవడం తేలిక. ఆ ముక్కను గోరువెచ్చటి వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో వేసి కదుపుతుంటే కాసేపట్లో కరిగిపోతుంది. గాజు ఎంతసేపున్నా కరగదు. అలాంటి ముక్కను కొరికి చూడకండి, నిజంగా గాజే అయితే నోరు తెగుతుంది.

చిన్న ముక్క చేతిలో ఉండి, అది స్ట్రువైటేనా అని తేల్చుకోవాలంటే తాంబూలంలో వేసుకునే సున్నం చాలు. ముక్కను పొడి చేసి, వక్కంత తడి సున్నంతో అరచేతిలో కాకుండా పింగాణీ మూతలో నూరండి. అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలితే అందులో అమ్మోనియం ఉన్నట్టే. ఇంకో చిటికెడు పొడిని వెనిగర్‌లో వేయండి. నురగ రాకుండా కరిగితే స్ట్రువైట్ వైపు మొగ్గు. బుసబుసా పొంగితే సున్నపురాయి జాతి, అసలు కరగకపోతే కాల్షియం ఆక్సలేట్ కావచ్చు. ఈ పరీక్షలు గొట్టాల గారకు చేసుకోండి. ఒంట్లోంచి బయటపడిన రాయి మీద మాత్రం వద్దు. దాన్ని కడిగి ఆరబెట్టి ల్యాబుకు పంపితే పరారుణ కిరణాల పరీక్షలో ఏ పాళ్లలో ఏముందో తెలుస్తుంది, వైద్యం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఒంట్లో రాయి విషయానికొస్తే, మొత్తం మూత్రపిండాల రాళ్లలో స్ట్రువైట్ రాళ్ల వాటా 10 నుంచి 15 శాతం అని వైద్య గ్రంథాలు చెబుతాయి. ఇవి ఆడవాళ్లలో ఎక్కువ. మిగతా రాళ్లకూ వీటికీ ఉన్న తేడా ఒక్క మాటలో: ఇది ఇన్ఫెక్షన్ కట్టిన రాయి. ప్రోటియస్, క్లెబ్సియెల్లా లాంటి బాక్టీరియా దగ్గర యూరియేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది ఒక్కో యూరియా అణువును విరిచి రెండు అమ్మోనియాలు, ఒక కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. అమ్మోనియా క్షారం కాబట్టి మూత్రం పీహెచ్ 7.2 దాటుతుంది, రాయి పేరుకోవడం మొదలవుతుంది. కొద్ది నెలల్లోనే, ఒక్కోసారి వారాల్లోనే, కిడ్నీ లోపలి గదులన్నీ నింపేసి జింక కొమ్ము ఆకారంలో శాఖలు వేస్తుంది. నొప్పి పెద్దగా లేకుండానే ఇదంతా జరగొచ్చు, అదే దీని ప్రమాదం.

ఈ రాయి పొరల మధ్య బాక్టీరియా బతికే ఉంటుంది. యాంటీబయాటిక్ పైపైన పనిచేస్తుంది, లోపలికి పోదు. అందుకే సర్జన్లు రాయిని పూర్తిగా తీయాలని పట్టుబడతారు. చిన్న ముక్క మిగిలినా అదే విత్తనమై మళ్లీ పెరుగుతుంది. కొండపిండి ఆకు కషాయం తాగుతూ నెలలు గడిపేయడం ఈ రాయి విషయంలో చాలా ప్రమాదం, ఈలోగా కిడ్నీయే పోవచ్చు. ఇంకో పొరపాటు కూడా తరచు జరుగుతుంది. వేరే ఎవరికో రాళ్లకు రాసిన పొటాషియం సిట్రేట్ సిరప్‌ను మనకూ పనికొస్తుందని తాగడం. అది మూత్రాన్ని క్షారం వైపు తిప్పుతుంది. యూరిక్ ఆమ్లపు రాయికి అది మేలు. స్ట్రువైట్‌కు అది పీహెచ్‌ను కావాల్సిన వైపే నెడుతుంది. నిమ్మకాయ నీళ్లు తాగినా ఒంట్లోకి వెళ్లాక అందులోని సిట్రేటు చేసేది క్షారపు పనే, పులుపు పని కాదు.

రిపోర్టులో ఆ స్ఫటికాలు కనిపించగానే రాయి ఉన్నట్టు కాదు. సీసాలో మూత్రం గంటల తరబడి నిలవుంటే, ఫ్రిజ్‌లో పెడితే, ఆ సీసాలోనే స్ఫటికాలు పుడతాయి. తాజా నమూనాను గంటలోపు చూస్తేనే ఆ వరసకు విలువ. తాజా నమూనాలో పీహెచ్ 7 దాటి, చీము కణాలూ ఉండి, ఈ స్ఫటికాలూ ఉంటే అప్పుడు కల్చర్ పరీక్ష, స్కానింగ్ అడగాలి.

ఇక గొట్టాలు. మురుగు శుద్ధి కేంద్రంలో బురదను గాలి లేని తొట్టిలో పులియబెడతారు. ఆ పులియడంలో కణాలు విరిగి అమ్మోనియం, ఫాస్ఫేటు, మెగ్నీషియం నీటిలోకి వస్తాయి. తొట్టి లోపల కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి వల్ల పీహెచ్ అణిగి ఉంటుంది. ఆ ద్రవం పంపు దగ్గర కుదిపేసినట్టు తిరిగినప్పుడు, వంపుల్లో సుడులు తిరిగినప్పుడు, సెంట్రిఫ్యూజ్ (బురదను గిరగిరా తిప్పి నీటిని వేరుచేసే యంత్రం) నుంచి బయట పడినప్పుడు ఆ వాయువు సోడా సీసా మూత తీసినట్టు తప్పించుకుంటుంది. పీహెచ్ ఒక్కసారి లేస్తుంది, స్ట్రువైట్ అక్కడే అతుక్కుంటుంది. కాబట్టి గార కోసం వెతికేవాళ్లు గొట్టం తిన్నగా పోయే చోటు కాదు, పంపు లోపల, మోచేతి వంపులు, వాల్వులు, సెంట్రిఫ్యూజ్ తర్వాతి లైను చూడాలి. 1960ల్లో లాస్ ఏంజిలిస్‌లోని హైపీరియన్ ప్లాంటులో 12 అంగుళాల గొట్టం లోపలి దారి 6 అంగుళాలకు కుంచించుకుపోయింది. వెడల్పు సగమైతే నీరు పోయే దారి వైశాల్యం నాలుగో వంతే మిగులుతుంది.

దీనికి ప్లాంట్లు వేసే మందు సాధారణంగా ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుప లవణం. ఇనుము ఫాస్ఫేటును ముందే పట్టేసుకుంటే స్ట్రువైట్‌కు మిగలదు. పని చేస్తుంది కానీ ఆ ఫాస్ఫేటు తిరిగి ఎరువుగా వాడుకోవడానికి కష్టమవుతుంది.

అపార్టుమెంట్లు, ఆఫీసుల్లో నీళ్లు తక్కువ పోసే యూరినల్స్‌లో వచ్చే పసుపు గార కూడా చాలావరకు ఇదే, కాల్షియం ఫాస్ఫేటు కలిసి ఉంటుంది. ట్రాప్‌లో, అంటే యూరినల్ కింద నీరు నిలిచే వంపులో, నిలిచిన ఒంటేలులో బాక్టీరియా యూరియాను విరుస్తుంది, కొద్దిగా పోసిన బోరు నీళ్లు తమ వంతు కాల్షియం, మెగ్నీషియం తెచ్చి ఇస్తాయి. కఠిన జలం కొంచెం కొంచెం పోయడం కంటే అసలు పోయకపోవడమో, పోస్తే బాగా పోయడమో మేలు. పట్టిన గారకు లీటరు గోరువెచ్చటి నీటిలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ట్రాప్‌లోని పాత నీరు తీసేసి ఇది నింపి, రాత్రంతా ఉంచి, పొద్దున బ్రష్షుతో కదిపి ధారాళంగా నీళ్లు పోయండి. మందపు గారకు రెండు మూడు రాత్రులు పడుతుంది. బ్లీచింగ్ కలిసిన దేన్నీ దీని దరిదాపుల్లోకి రానీయకండి. ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు లేస్తుంది. గట్టి హైడ్రోక్లోరిక్ ఆమ్లం తొందరగా కరిగిస్తుంది కానీ స్టీలు అమరికలనూ టైల్స్ మధ్య సిమెంటునూ కూడా తినేస్తుంది.

ఇదే గారను కావాలని, మనం చెప్పిన చోట కట్టిస్తే ఎరువు. కెనడాలో ఎడ్మంటన్ గోల్డ్ బార్ ప్లాంటులో 2007లో ఓస్టారా సంస్థ అలాంటి రియాక్టరు పెట్టింది. కింద నుంచి పైకి లేచే ప్రవాహంలో స్ఫటికాలు తేలుతూ పొర మీద పొర కట్టుకుని గుళికలవుతాయి. అంత యంత్రం లేకుండా చేసే పద్ధతిని నేపాల్‌లో కాఠ్మండూ లోయలోని సిద్ధిపూర్ ఊరిలో స్విట్జర్లాండ్‌ పరిశోధన సంస్థ ఇయావాగ్ వాళ్లు చేసి చూపించారు: చేత్తో తిప్పి కలిపే పరికరం, కింద వేలాడే నైలాన్ గుడ్డ సంచి, అంతే.

చిన్న ఎత్తున లెక్క ఇలా ఉంటుంది. నీళ్లు కలపని ఒంటేలును మూత బిగించిన ప్లాస్టిక్ క్యాన్‌లో నిలవ ఉంచాలి. ఘాటైన అమ్మోనియా వాసన వచ్చి, పీహెచ్ కాగితం 9 చూపించాలి. ఈలోగా అందులో సహజంగా ఉన్న మెగ్నీషియం అంతా కొద్దిపాటి స్ట్రువైట్‌గా దిగి అడుగున మడ్డి కడుతుంది. ఇక స్ట్రువైట్ రానిది మెగ్నీషియం అయిపోయినందుకే, అదే మనం బయటి నుంచి ఇవ్వాలి. 10 లీటర్ల నిలవ ఒంటేలులో లీటరుకు 200 మిల్లీగ్రాముల భాస్వరం ఉందనుకుంటే మొత్తం 2 గ్రాములు. దానికి తూకంలో కాదు, అణువుల లెక్కలో ఒక వంతుకు 1.1 వంతుల మెగ్నీషియం కావాలి. ఎరువుల కొట్లో పత్తికి అమ్మే మెగ్నీషియం సల్ఫేటు, అదే ఎప్సమ్ సాల్టు, 17 నుంచి 18 గ్రాములు సరిపోతుంది. ఎప్సమ్ సాల్టు అణుభారం 246.5, స్ట్రువైట్‌ది 245.4. కాబట్టి వేసిన ఎప్సమ్ ఎంతో వచ్చే స్ట్రువైట్ కూడా ఇంచుమించు అంతే, కాస్త తరుగుతో. ఇక్కడ 14 గ్రాముల దాకా రావాలి. సముద్రతీరంలో అయితే ఉప్పు తీశాక మడిలో మిగిలే చేదు నీళ్లలో మెగ్నీషియం దండిగా ఉంటుంది. నౌపడ, చినగంజాం ఉప్పు మళ్ల దగ్గర ఉన్నవాళ్లకు అది వృథాగా పోయే సరుకే.

ఎప్సమ్‌ను ముందుగా గ్లాసు నీళ్లలో కరిగించి పోసి, 10 నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. కలపగానే ద్రవం పాలలా మసకబారుతుంది, తర్వాత వేలికి సన్న ఇసుకలా తగులుతుంది. మిక్సీ వేసినట్టు తిప్పితే స్ఫటికాలు పొడి పొడి అయి గుడ్డలోంచి జారిపోతాయి. తాజా ఒంటేలులో వేస్తే ఏమీ రాదు, పీహెచ్ లేదు గనక. బోరు నీళ్లు కలిసిన ఒంటేలులో వేస్తే ఆ నీళ్లలోని కాల్షియమే ఫాస్ఫేటును లాక్కుపోయి జిగట మడ్డి వస్తుంది, వడకట్టడానికి గుడ్డ మూసుకుపోతుంది. నేత దగ్గరగా ఉన్న నైలాన్ గుడ్డలో వడకట్టి, నీడలో, గాలి ఆడే చోట పలచగా పరచండి. 40 డిగ్రీలు దాటనివ్వొద్దు. 55 డిగ్రీల దగ్గర అమ్మోనియా పోవడం మొదలవుతుంది, మే నెల ఎండలో రేకు మీద పరిస్తే ఆ వేడి సులువుగా వస్తుంది. నులిపురుగుల గుడ్లు గుడ్డ మీదే స్ట్రువైట్‌తో పాటు నిలిచిపోతాయి కాబట్టి బాగా ఎండేదాకా చేతి తొడుగులు తీయకండి, పచ్చిగా తినే ఆకుకూరలకు వేయకండి.

ఎరువుల బస్తా భాషలో ఇది 5-28-0 (నత్రజని, భాస్వరం, పొటాష్; బస్తా మీద భాస్వరాన్ని దాని ఆక్సైడు లెక్కలో రాస్తారు కాబట్టి 12.6 కాస్తా 28 అయింది), పైగా 10 శాతం మెగ్నీషియం. వేరు పక్కన పెడితే నీటితో కొట్టుకుపోదు, వేర్లు వదిలే పులుపుకు కొద్దికొద్దిగా కరుగుతుంది. ఆమ్లపు నేలల్లో, తటస్థ నేలల్లో బాగా అందుతుంది. సున్నం ఎక్కువున్న నల్లరేగడిలో గుళికగా వేస్తే బాగా ఆలస్యమవుతుంది, అక్కడ మెత్తటి పొడిగా వేయడమే దారి. 100 గ్రాముల డీఏపీ ఇచ్చే భాస్వరానికి 160 గ్రాముల స్ట్రువైట్ కావాలి. అయితే డీఏపీ ఇచ్చే 18 గ్రాముల నత్రజనికి బదులు ఇది 9 గ్రాములే ఇస్తుంది. తక్కువైన 9 గ్రాములు వడకట్టగా మిగిలిన నీళ్లలో ఉన్నాయి. ఆ 10 లీటర్లలో నత్రజని 40 గ్రాముల వరకు ఉంటే స్ట్రువైట్‌లోకి వెళ్లింది ఒక్క గ్రాము కూడా కాదు. దాన్ని మోరీలో పారబోయకుండా ఒకటికి పది వంతుల నీళ్లు కలిపి, ఆకుల మీద పడకుండా మొదట్లో పోసి వెంటనే మట్టి కప్పండి. కప్పకపోతే అమ్మోనియా అంతా గాలిలో కలుస్తుంది.